అమ్మమ్మ ఫొటోని క్రిస్మస్ చెట్టుకి కట్టొచ్చా?



ఈ వారం వీడియోలో పితృదేవతల గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో టైమ్ చాలక ఒక విషయం వదిలేశానని చివర్లో అన్నాను. నిజానికి టైమ్ చాలక కాదు, కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసి వదిలేశాను. రాయడం కొంచెం సులువు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా అక్క వాళ్లు అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. కిందటి డిసెంబర్‌లో మాకు ఆదివారం పొద్దున, వాళ్లకి శనివారం రాత్రి, వీడియో కాల్ చేసింది. హాల్లో ఒక చిన్న క్రిస్మస్ చెట్టు ఉంది. మా మేనకోడలికి ఎనిమిదేళ్లు. ఫోన్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూ అన్నీ చూపిస్తోంది. ఎర్ర బంతులు, చెక్క జింక, చిన్న గంట. ఒక కొమ్మ దగ్గర ఆగి, "ఇదిగో, తాతమ్మ!" అంది.

చూస్తే అమ్మమ్మే. అరచేతిలో పట్టేంత గుండ్రటి చెక్క బిళ్ల, దాని మీద అమ్మమ్మ ఫొటో, చుట్టూ తెల్లటి లేసు అంచు, పైన ఎర్ర రిబ్బను. జింకకీ గంటకీ మధ్య మెల్లగా తిరుగుతోంది.

అమ్మ ఏమీ అనలేదు. "సరే, తర్వాత మాట్లాడదాం" అని ఫోన్ నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. కాల్ అయ్యాక వెళ్తే, పొయ్యి వైపే చూస్తూ అంది: "మా అమ్మని తీసుకెళ్లి బొమ్మల మధ్య వేలాడదీసింది. ఊరందరికీ చెప్తావు కదా, మీ అక్కకి చెప్పలేవూ?"

చెప్పాను. పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. పోయినవాళ్ల ఫొటో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, దక్షిణం పితృదేవతల దిక్కు, పెద్దల్ని అలంకారానికి వాడటం దోషం, మన పండగ కానిదాంట్లోకి మనవాళ్లని లాగడం ఏమిటి అంటూ చాలా చెప్పాను. అందులో సగం నేను ఎక్కడా చదివినవి కావు, ఎవరో ఫార్వర్డ్ చేసినవి. మీకు వీడియోల్లో ఎప్పుడూ "మూలం చూడకుండా నమ్మకండి" అని చెప్పేవాణ్ని, మా అక్క దగ్గరికి వచ్చేసరికి ఆ నియమం పక్కన పెట్టేశాను.

మర్నాడు అక్క నుంచి రెండు లైన్లు వచ్చాయి. "ఒరేయ్, మొత్తం విన్నాను. రెండే ప్రశ్నలు. అమ్మమ్మ తిథి ఎప్పుడు? మన ఇంట్లో ఉన్న అమ్మమ్మ ఫొటోకి దుమ్ము ఆఖరిసారి ఎప్పుడు తుడిచారు?"

మొదటిదానికి నాకు జవాబు తెలీదు. రెండోదానికి జవాబు వెతుక్కుంటూ లేచి వెళ్లాను.

గోడ మీద ఉన్నది ఎవరు?

మా హైదరాబాద్ ఫ్లాట్‌లో అమ్మమ్మ ఫొటో హాల్లోంచి వాష్ ఏరియాకి వెళ్లే దారిలో, ఇన్వర్టర్ పైన ఉంటుంది. మల్లెపూల లాంటి ప్లాస్టిక్ దండ. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు టీ రంగులోకి వచ్చింది. కింద ఎర్ర జీరో బల్బు ఎప్పుడు మాడిపోయిందో తెలీదు. రోజూ నాలుగైదు సార్లు ఆ దారినే వెళ్తాను. ఆ ఫొటోని మాత్రం కొన్ని నెలలుగా చూళ్లేదని అప్పుడు అర్థమైంది.

ఇంకోటి కూడా చూశాను. అసలు అది అమ్మమ్మేనా అనిపించింది.

ఆ ఫొటో కథ ఏమిటంటే, అమ్మమ్మకి ఒంటరిగా తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదు. ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి ఉండదు. పెళ్లి ఫొటోల్లో ఏ మూలో, సగం ఎవరి భుజం వెనకో కనిపిస్తారు. అమ్మమ్మ పోయినప్పుడు ఆల్బమ్‌లో వెతికితే దొరికింది ఒకే ఒక్క మంచి బ్లాక్ అండ్ వైట్ ఫొటో. నరసాపురం పక్కన వాళ్ల ఊళ్లో, ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. పక్కన ఇద్దరు ఇరుగమ్మలు, వెనక నిలబడి జడేసుకుంటూ మా అమ్మ. స్టూడియోవాళ్లు అందులోంచి ముఖం వరకూ కత్తిరించారు. వెనక ఆకాశం రంగు పెట్టారు. బుగ్గలకి రంగు వేశారు. భుజాల మీద జరీ అంచు పట్టుచీర అతికించారు. అలాంటి పట్టుచీర అమ్మమ్మ ఎప్పుడూ కట్టలేదు.

అంటే మేము గౌరవంగా గోడకి పెట్టుకున్నది చేతులు లేని అమ్మమ్మని. అక్క ఆ చెక్క బిళ్ల మీద అతికించింది పాత ఫొటో మొత్తం. అరుగు ఉంది, అమ్మ జడ ఉంది, ముఖ్యంగా అమ్మమ్మ చేతులున్నాయి, వేళ్ల మధ్య సూది ఉంది.

ఆ చేతుల గురించి కొంచెం చెప్పాలి. నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లికలు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని. తర్వాత అది మతంతో సంబంధం లేకుండా వేల హిందూ కుటుంబాల్లోకి వచ్చేసింది. పగలు ఇంటిపని, మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా అల్లకం. అల్లినవి ఏజెంట్ పట్టుకెళ్తే, చాలావరకు విదేశాల్లో ఎవరి టేబుళ్ల మీదకో వెళ్లేవి. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త ఈ లేసు పనివాళ్ల గురించే ఒక పుస్తకం రాశారు. గంటల తరబడి పనిచేసి డబ్బు తెచ్చే ఈ ఆడవాళ్లని కార్మికులుగా ఎవరూ లెక్కించలేదని, ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారని అందులో చూపించారు. మా అమ్మమ్మ విషయంలోనూ అంతే జరిగింది. బతికున్నప్పుడు ఆ చేతుల పని లెక్కలోకి రాలేదు. పోయాక స్టూడియోలో ఆ చేతులే కత్తిరించేశాం.

చెట్టు మీద ఆ ఫొటో చుట్టూ ఉన్న లేసు ఏమిటనుకున్నారు? అక్క పెళ్లికి అమ్మమ్మ ఇచ్చిన, కప్పు కింద వేసుకునే గుండ్రటి లేసు ముక్క.

అక్కకి ఈ ఆలోచన ఎక్కడిది?

వాళ్ల పక్కింట్లో డెబ్భై దాటిన ఒక అమెరికన్ ఆవిడ ఒంటరిగా ఉంటారు. ప్రతి డిసెంబర్‌లో ఇంట్లోవాళ్ల ఫొటోతో ఒక ఆర్నమెంట్ చేస్తారు. వెనక ఆ సంవత్సరం రాస్తారు. పండగ అయ్యాక ఒక్కొక్కటీ మెత్తటి కాగితంలో చుట్టి పెట్టెలో పెడతారు. మళ్లీ ఏడాదికి పెట్టె తెరిచి ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది ఫలానా ఏడు, అప్పుడు వీడికి రెండు పళ్లు లేవు అంటూ కడతారు. చనిపోయిన భర్త ఫొటోని అన్నిటికన్నా చివర కడతారు. కట్టేటప్పుడు ఆయన గురించి ఒక సంగతి చెప్తారు.

నా మేనకోడలు రెండేళ్లుగా ఆవిడకి సాయం వెళ్తోంది. ఒకరోజు ఇంటికొచ్చి, "మన పెట్టె ఏది? మన తాతమ్మ ఏది?" అని అడిగిందట. అక్క దగ్గర జవాబు లేదు.

అక్క ముందుగా వెళ్లి ఆవిడనే అడిగింది: మేము క్రైస్తవులం కాము, మేము ఇలా చెట్టు పెట్టి మా ఫొటోలు కట్టుకుంటే మీకు బాధనిపిస్తుందా అని. ఆవిడ సంతోషమే అన్నారు. కాకపోతే, ఈ చెట్టు యేసు పుట్టుక కోసమని పాపకి తెలిస్తే బాగుంటుందన్నారు. అక్క పాపకి చెప్పింది.

ఇది నాకు చాలా నచ్చింది. మనలో కొందరం "చెట్టుదేముంది, జస్ట్ డెకరేషనే కదా" అనేస్తాం. మన వినాయకుణ్ని చూసి ఎవరైనా "క్యూట్ బొమ్మ, జస్ట్ డెకరేషన్" అంటే మనకి ఎలా ఉంటుంది? అవతలివాళ్ల నమ్మకాన్ని వాళ్లు చూసినట్టే చూడటం మర్యాద. అన్నీ ఒకటే అనేసుకుంటే ఆ మర్యాద పోతుంది.

ఇక చేయడం కూడా ఒక్కసారికి అవలేదు. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసి జిగురు రాశారు. ఆ ఇంకు నీళ్ల జిగురు తగిలితే కరుగుతుంది. అమ్మమ్మ ముఖం మీద నల్లటి చారలు దిగాయి. పాప "తాతమ్మ ఏడుస్తోంది" అని తనూ ఏడుపు మొదలెట్టింది. తర్వాత షాపులో లేజర్ ప్రింట్ తీయించి, పల్చగా జిగురు రాసి, ఒక రాత్రి ఆరబెట్టి, పైన ఇంకో పూత వేశారు. ఆ రెండు రోజులూ పాప అడుగుతూనే ఉందట: తాతమ్మ ఏం చేస్తోంది, అది నేర్చుకోవడం కష్టమా, వెనక ఉన్నది అమ్మమ్మేనా, అంత జడ ఎలా వచ్చింది అని. నేనూ అక్కా చిన్నప్పుడు అమ్మమ్మ గురించి ఇన్ని ప్రశ్నలు వేయలేదు.

శాస్త్రం ఏమంటుంది?

ఈసారి ఫార్వర్డ్‌లు పక్కన పెట్టి కూర్చుని చూశాను.

మొదటి సంగతి. మనం తద్దినం పెట్టేటప్పుడు ఫొటో అవసరమే లేదు. కర్తకి కావలసింది పేరు, గోత్రం, తిథి. దర్భలు, నువ్వులు, నీళ్లు, పిండం. మూడు తరాలవాళ్లని వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తలుచుకుని పిలుస్తాం, పెడతాం, తృప్తి పడ్డారా అని అడిగి సాగనంపుతాం. మహాలయ పక్షంలో చేసే తర్పణాల్లో తల్లి వైపు తాతకీ అమ్మమ్మకీ కూడా చోటుంది. ఇందులో ఎక్కడా ముఖం లేదు. ఉన్నది పిలవడం.

ఫొటో ఎప్పుడొచ్చింది? ఫొటోగ్రఫీ గురించి ప్రపంచానికి తెలిసిందే 1839లో, పారిస్‌లో. మన హైదరాబాద్‌లో ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ గొప్ప ఫొటోలు తీశారు, కానీ అవి ఎక్కువగా రాజులవీ, నవాబులవీ, దొరలవీ. అరుగు మీద లేసు అల్లుకునే మనిషి దాకా కెమెరా రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అంటే గోడకి ఫొటో, దానికి దండ అనేది మన ఇళ్లల్లో కొన్ని తరాల నాటి అలవాటే.

క్రిస్మస్ చెట్టు అలంకారాలు కూడా సుమారు ఇదే కాలంలో ఊరూరా పాకాయి. జర్మనీలో చెట్టు పెట్టే ఆచారం అంతకుముందు నుంచే ఉంది. ఆపిల్ పళ్లు, గింజలు, కాగితం పువ్వులు కట్టేవారు. లౌషా అనే ఊళ్లో గాజు ఊదేవాళ్లు 19వ శతాబ్దంలో గాజు బంతులు చేయడం మొదలెట్టారు. 1848లో ఒక లండన్ పత్రిక విక్టోరియా మహారాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ వేశాక ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లు దాన్ని అందుకున్నాయి. చూశారా, మనం అనాదిగా వస్తోందనుకునే గోడ ఫొటో, వాళ్లదనుకునే గాజు బంతి, రెండూ ఇంచుమించు ఒక ఈడువే. అందుకని నేను వాయిస్ మెసేజ్‌లో "మన సంప్రదాయం" అంటూ వాదించినదాంట్లో సంప్రదాయం తక్కువ, నా అలవాటు ఎక్కువ.

రెండో సంగతి. భాగవతం ఏకాదశ స్కంధం 27వ అధ్యాయంలో కృష్ణుడు ఉద్ధవుడికి పూజా విధానం చెప్తూ ఎనిమిది రకాల ప్రతిమల్ని చెప్తాడు: రాతిది, చెక్కది, లోహంతో చేసింది, పూతతో చేసింది, గీసింది, ఇసుకతో చేసింది, మణితో చేసింది, మనసులో ఊహించుకున్నది. తర్వాత వాటినే కదలని ప్రతిమ, కదిలే ప్రతిమ అని రెండుగా చూస్తాడు. స్థిరంగా ప్రతిష్ఠించిన దానికి ఆవాహన, ఉద్వాసన అక్కర్లేదు. స్థిరం కానిదానికి చేసినా చేయకపోయినా సరే. ఇసుకలోనో నేల మీదో చేసుకున్నదానికి రెండూ ఉండాలి.

ఇది దేవుడి మూర్తుల గురించి చెప్పింది, మనుషుల ఫొటోల గురించి కాదు. దాన్ని తెచ్చి అమ్మమ్మ ఫొటోకి అంటిస్తే నేను మళ్లీ మొదటి తప్పే చేసినట్టు. కానీ దీని వెనక ఉన్న జ్ఞానం నన్ను ఆపింది. కదలకుండా ఒకచోట స్థిరపరిచామంటే దాని బాధ్యత రోజూ ఉంటుంది. గుళ్లో మూలవిరాట్టుకి నిత్యం దీపం, నైవేద్యం ఆగకూడదు. అది చేయలేమంటే దానికీ మర్యాద ఉంది: పిలువు, శ్రద్ధగా చూసుకో, పంపించు. మన వినాయక చవితి అంతా ఇదే కదా.

మేము అమ్మమ్మని గోడకి స్థిరంగా పెట్టాం, రోజూ చేయాల్సింది మాత్రం చేయలేదు. పైగా చేయక్కర్లేకుండా ఏర్పాట్లు చేసుకున్నాం. రోజూ పూలు మార్చక్కర్లేకుండా ప్లాస్టిక్ దండ. రోజూ దీపం పెట్టక్కర్లేకుండా జీరో బల్బు. ఆలోచిస్తే ఆ దండ అమ్మమ్మ కోసం కొన్నది కాదు. అమ్మమ్మని మర్చిపోయినా తప్పు కనిపించకుండా ఉండటానికి కొన్నది.

అక్క మాత్రం పెట్టెలోంచి తీస్తుంది, తుడుస్తుంది, పేరు చెప్తుంది, కడుతుంది. తర్వాత విప్పి, చుట్టి, దాస్తుంది. ఇది మనకి కొత్తా? సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్లల్లో చేసేదీ ఇదే. ట్రంకు పెట్టెలోంచి పాత గుడ్డల్లో చుట్టిన కొండపల్లి బొమ్మల్ని తీసి, ఇది మా అత్తగారు కొన్నది, దీని చెయ్యి ఫలానా ఏడు విరిగింది అని చెప్పుకుంటూ మెట్ల మీద పెడతాం.

అయితే అమ్మ బాధ తప్పా?

ఇక్కడ నేను అక్క వైపు పూర్తిగా వెళ్లిపోతే అన్యాయం. అమ్మ బాధలో నిజం ఉంది.

చనిపోయినవాళ్లు "వద్దు" అనలేరు. వాళ్ల ముఖం మన చేతిలో ఉంది, ఏమైనా చేయొచ్చు. స్టేటస్‌లో పెట్టొచ్చు, కప్పు మీద ముద్రించొచ్చు, కీచైన్ చేయొచ్చు. అడిగేవాళ్లు లేనప్పుడు మన ప్రవర్తన ఎలా ఉంటుందన్నదే ధర్మానికి అసలు పరీక్ష. రంగు కలిసిందనో, చెట్టుకి ఖాళీ ఉందనో ఒక మనిషి ముఖాన్ని వేలాడదీస్తే అది వాడుకోవడమే. మా అమ్మకి ఆ చిన్న స్క్రీన్‌లో కనపడింది అదే. జింక, గంట, వాళ్లమ్మ, మూడూ ఒకే సైజులో ఉన్నాయి.

అందుకే నాకు తోచిన తేడా ఇది. వస్తువు కోసం ముఖాన్ని వెతికామా, మనిషి కోసం వస్తువు చేశామా? చూసేవాళ్లకి బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చేసిన చేతికి తెలుస్తుంది. "ఈవిడ ఎవరు?" అని పిల్లలు అడిగితే పేరూ, ఊరూ, ఒక సంగతీ చెప్పగలిగితే అది స్మరణ. "ఎవరో పాత ఫొటో, లుక్ బాగుందని" అంటే, అది పూజగది పక్కన ఉన్నా, దక్షిణం గోడకే ఉన్నా, అలంకారమే.

ఆ లెక్కన మా ఇన్వర్టర్ పైన ఉన్నదే అలంకారం.

తర్వాత ఏమైంది?

ఇదంతా అమ్మకి చెప్పాను. వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత తనే అక్కకి ఫోన్ చేసింది. "పండగయ్యాక మా అమ్మని ఎక్కడ పెడతావే?" అని అడిగింది. అక్క పెట్టె చూపించింది. లోపల అమ్మ పాత వాయిల్ చీర ముక్క పరిచి ఉంది. "వెనకాల పేరు రాశావా?" అంది అమ్మ. అక్క బిళ్ల తిప్పి చూపించింది. తెలుగులో పేరు, ఊరు పేరు ఉన్నాయి. "తిథి రాయి. ఆషాఢ శుద్ధ దశమి. ఆ రోజు కూడా బయటికి తియ్యి. ఒక్క డిసెంబర్‌కే తీస్తే ఊరుకోను. ఇంకోటి, ఆ జింక పక్క నుంచి తీసి పై కొమ్మకి కట్టు."

అక్క పై కొమ్మకి కట్టింది. అమ్మకి ఇప్పటికీ ఆ చెట్టు అంతగా నచ్చదు. అమ్మమ్మ అక్కడ ఉండటం మాత్రం భరించగలుగుతోంది. కొన్ని విషయాల్లో ఇంట్లోవాళ్ల మధ్య అంతకన్నా ఎక్కువ ఒప్పందం దొరకదేమో, అక్కర్లేదేమో కూడా.

నేను ప్లాస్టిక్ దండ తీసి పడేశాను. స్టూడియోవాళ్ల పట్టుచీర ఫొటో అమ్మ ఉంచమంది, ఉంచాం. దాని పక్కన అరుగు మీది పాత ఫొటో పెద్దది చేయించి పెట్టాం, చేతులతో సహా. వెనక పేరు, ఊరు, తిథి నా చేత్తో రాశాను. దండ మాత్రం వేయలేదు, ఎందుకంటే ఆ ఫొటోలో జడేసుకుంటూ మా అమ్మ కూడా ఉంది. ఆషాఢ దశమి రోజు మాత్రం కింద చిన్న గ్లాసులో నాలుగు మల్లెపూలు పెట్టాం. అవి సాయంత్రానికి వాడిపోయాయి. మర్నాడు తీయాల్సి వచ్చింది. ఆ తీయాల్సి రావడమే కావలసిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మీరు చెట్టు పెట్టాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు, అది మీ ఇంటి నిర్ణయం. చెట్టుకైనా, కొలువులోకైనా, గోడకైనా ఇంట్లోవాళ్ల ఫొటోతో ఏదైనా చేస్తే మాత్రం మూడు మాటలు గుర్తుంచుకోండి. అసలు ఫొటోని కత్తిరించకండి, స్కాన్ చేసి కాపీతో చేయండి. గుండ్రంగా కోసేటప్పుడు ఎవరు బయటికి పోతున్నారో ఒక్కసారి చూడండి, వాళ్లని గుర్తుపట్టేవాళ్లు మీ తర్వాత ఉండకపోవచ్చు. వెనక పేరు రాయండి.

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో గోడ మీద ఉన్నవాళ్ల దగ్గరికి ఒక్కసారి వెళ్లండి. వాళ్ల తిథి మీకు తెలుసా? తెలీకపోతే, తెలిసినవాళ్లు ఇంకా ఉన్నప్పుడే ఫోన్ చేసి అడగండి.

శుభం. వచ్చే వారం వీడియోలో కలుద్దాం.